చిమ్మిలి వాసన

జల్లెడ తిరిగివ్వడానికి వచ్చిన పక్కింటి వరహాలమ్మ గడప అవతల నిలబడి ఒక్కసారి గాలి పీల్చింది. నా మొహంలోకి చూసింది, నా భుజం మీదుగా లోపలి గది తలుపు సందులో నిలబడ్డ మా అమ్మాయిని చూసింది, జల్లెడ గడప మీద పెట్టి వెళ్లిపోయింది. అంతే. గడప బయట ఆడదానికి మాట లేదు కాబట్టి ఏమీ అనలేదు, అనాల్సిన పనీ లేదు. వేయించిన నువ్వులు, బెల్లం, రెండూ కలిసి రోట్లో నలిగిన వాసన ఇల్లంతా నిండి వీధిలోకి పోతోంది. చిమ్మిలి ఎప్పుడు దంచుతారో ఎవరికి పెడతారో తెలియని ఆడది ఈ గాజువాకలోనే కాదు, ఎక్కడా ఉండదు. పిల్ల పెద్దమనిషైతే దంచుతారు. అందుకే ఈ వీధిలో ఏళ్ల తరబడి ఎవరూ దంచలేదు. మరి నేనెందుకు దంచాను? నేను దంచలేదు, నా చేతులు దంచాయి. మధ్యాహ్నం మా ధనశ్రీ కడుపు పట్టుకుని మూలకి ముడుచుకుపోయి ఏడుస్తుంటే, చేతులు వాటంతట అవే వెళ్లి అటక మీద తద్దినం కోసమని దాచిన నువ్వులు దించాయి, మూకుడు పెట్టాయి. మా అమ్మ నాకు పెట్టింది, మా అమ్మమ్మ మా అమ్మకి పెట్టింది, నడుముకి బలం తినవే అని. రోకలికి పాత చీర చుట్టాను, చప్పుడు రాకుండా. అంతవరకూ తెలివి ఉంది. వాసనకు ఏం చుట్టాలో మాత్రం తోచలేదు. తాయారంత గడుసుది లేదని మా తణుకులో అనేవాళ్లు, వచ్చి చూడమనండి ఇప్పుడు.

ఇంకో గంటలో కొండ మీద దీపగంట మోగుతుంది, దాని వెనకే పీఠం వ్యాను వీధులన్నీ తిరుగుతుంది. కిటికీలోంచి ఆటోనగర్ వెనక కొండ కనపడుతూనే ఉంటుంది, దాని నెత్తి మీద పీఠం వాళ్ల కొలిమి, ఆ కొలిమి మీద వాళ్లు జ్యోతి అనే మంట. పగలు పసుపుగా, పొద్దు వాలాక ఎర్రగా, ఎప్పుడూ అక్కడే, నిద్రపోని కన్ను. మేం తణుకు నుంచి వచ్చిన కొత్తలో ఆ కొండ మీద సీతాఫలం చెట్లుండేవి. తొంభై రెండులో సముద్రం ఊళ్లోకి వచ్చింది. నీళ్లు తీశాక ఎక్కడెక్కడో దొరికిన శవాల్ని లారీల్లో తీసుకుపోతుంటే, బూడిద రంగు బట్టలు కట్టుకున్న మనుషులు వీధివీధినా నిలబడి ఆడదాని నోరు వల్ల, ఆడదాని మైల వల్ల సముద్రానికి కోపం వచ్చిందన్నారు. నేను పక్కున నవ్వాను. నేనే కాదు, అందరం నవ్వాం. సముద్రానికి చెవులున్నాయా ముక్కుందా అని మా ఆయన్ని అడిగాను. నవ్విన వాళ్లం నవ్వుతుండగానే కొండ మీద కొలిమి లేచింది, పోర్టులో పెద్దలూ ఆఫీసుల్లో పెద్దలూ దానికి దండాలు పెట్టడం మొదలుపెట్టారు, తర్వాత ఒక్కొక్కటే నిబంధన వచ్చింది. ఏదీ ఒక్కసారిగా రాలేదు, పాలల్లో నీళ్లు కలిపినట్టు వచ్చాయి. పెద్దమనిషైన ఆడది గడప దాటితే మాట్లాడకూడదు. బస్సులో తెర వెనక కూర్చోవాలి. పిల్ల పెద్దమనిషైన రోజే పీఠానికి కబురు పెట్టాలి, మొదటి మైల జ్యోతి సొత్తు, కాబట్టి ఆ మైలతో పాటు పిల్లా జ్యోతి సొత్తే. వ్యాను వస్తుంది, కొండ మీద కన్యల ఇంటికి తీసుకుపోతారు. కొందరు ఏళ్ల తర్వాత కిందికి వస్తారు, పీఠం చెప్పినవాడికి భార్యలై. వాళ్లు గడప లోపల కూడా మాట్లాడరు. గొంతు జ్యోతికి ఇచ్చేశారంటారు. ఎలా ఇస్తారో ఎవరూ చెప్పరు. చెప్పగలిగిన వాళ్లకి గొంతు లేదు.

వరహాలమ్మ కూతురు అసలు కిందికి రాలేదు. మేం ఈ వీధిలోకి మారేసరికే శ్రీసత్య వెళ్లిపోయింది, నేను ఆ పిల్లని చూడలేదు, దాని గౌనునే చూశాను. శుక్రవారం వస్తే చాలు, వరహాలమ్మ ఆకుపచ్చ పువ్వుల గౌను ఒకటి ఉతికి పెరట్లో తీగ మీద ఆరేస్తుంది, సాయంత్రం తీసి మడిచి లోపల పెడుతుంది. వేసుకునేవాళ్లు లేరు, మాసిపోయేది లేదు, అయినా ఉతుకుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఎవరి పిల్లో చుట్టపుచూపుగా వచ్చిందేమో అనుకున్నాను. మూడో శుక్రవారం తెలిసింది. అప్పటినుంచి ఆ గౌను గాలికి ఊగుతుంటే నాకు చూడబుద్ధి కాదు. లోపల కాళ్లున్నట్టే ఊగుతుంది. వీధిలో ఒక మాట చేతుల సైగల మీద, గోడ చాటు గుసగుసల మీద తిరిగింది. పక్కింటి పిల్ల సంగతి పట్టిచ్చినవాళ్లకి పీఠం ఒక వరం ఇస్తుందట. కొండ మీద ఉన్న తమ పిల్లని ఒకసారి చూడనిస్తారట. దర్శనం అంటారు. పట్టించేవాళ్లు దీపగంట మోగగానే తమ మెట్టు మీద దీపం పెడితే చాలు, వ్యాను అక్కడ ఆగుతుంది, ఏ ఇల్లో చెయ్యి చాపి చూపిస్తే చాలు, నోరు విప్పక్కర్లేదు. వెనక వీధిలో ఒకామె అలాగే పెట్టింది. దర్శనం అయ్యి వచ్చింది. ఆ రోజు నుంచీ ఆమె ఇంట్లో కూర్చుని గోడకి తల ఆనించి ఉంటుంది, పిల్ల ఎలా ఉందమ్మా అంటే కళ్లు మూసుకుంటుంది. అది తెలిసి కూడా, నాకే ఆ వరం ఇస్తే, నా ధన కొండ మీద ఉండి ఒక్కసారి చూడొచ్చంటే, నేను దీపం పెట్టనా? పెడతానేమో. భగవంతుడా, పెడతానేమో. వరహాలమ్మ ఎందుకు పెట్టదు మరి? ఆమె చేతిలో నూనె ఉంది, వత్తి ఉంది, కూతురు కొండ మీద ఉంది.

ఒక్క రాత్రి గడిస్తే చాలు. మా ఆయన శ్రీరామ్మూర్తి పోర్టులో క్రేను మీద ఉన్నాడు, డ్యూటీ మధ్యలో దిగితే ఎందుకని అడుగుతారు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు చెప్పాను. చొక్కా గుండీ పెట్టుకుంటూ ఆగిపోయాడు, మళ్లీ పెట్టుకున్నాడు, "రేపు పొద్దున్న దువ్వాడలో ప్యాసింజరు," అని గొణిగాడు, "తుని దాటితే పీఠం లేదు తాయారూ." చిన్నపిల్లలు తండ్రితో రైలెక్కొచ్చు, ఎవరూ అడగరు. పెద్దమనిషైన ఆడది తుని దాటకూడదు. అంటే నేను దాటకూడదు. ధనశ్రీ తణుకులో మా అక్క దగ్గరికి వెళ్తుంది, నేను ఇక్కడ ఉంటాను. అది ఎప్పుడొస్తుందో, నేనెప్పుడు చూస్తానో, ఆ ఆలోచన దగ్గరికి పోయినప్పుడల్లా నా బుర్ర వేడిగిన్నె ముట్టుకున్న చెయ్యిలా వెనక్కి వచ్చేస్తోంది. వెళ్లనీ. అక్కడ పెరట్లో నిలబడి గొంతెత్తి అరుచుకుంటుంది, వీధి కొళాయి దగ్గర పోట్లాడుతుంది, అదృష్టవంతురాలు. కానీ అది వయసుకి మించి ఎదిగింది, మా వైపు పొడుగు. రేపు దువ్వాడ ప్లాట్‌ఫారం మీద పీఠం కాపలా పెట్టిన కావలమ్మలు నిలబడతారు, బూడిద చీరలు కట్టుకుని, పిల్లల ఛాతీ వైపు చూస్తూ. దానికున్న పరికిణీలన్నీ పొడుగువి, పెద్దపిల్లలా కనపడేవి. ఒక్క పొట్టి గౌను లేదు ఇంట్లో. ఆ సంగతి మధ్యాహ్నమే ఆలోచించాల్సింది, నువ్వులు వేయించే బదులు.

లోపలి గది తలుపు కొద్దిగా తెరుచుకుంది. ధన కళ్లు మాత్రం కనపడ్డాయి.

"అమ్మా, ఇంకో ముద్ద పెట్టవా?"

"మెల్లగా మాట్లాడవే."

"మెల్లగానే అన్నాను. వరహాలమ్మ పిన్ని ఏటందమ్మా?"

"ఏం అంటుంది, గడప అవతల కదా."

ఏటి కాదు ఏమిటి అను అని ఎన్నిసార్లు వీపు మీద వేశానో. గోదావరి పిల్లవి, ఆ నాను, ఏటి అనడం ఏంటే అని. అది వీధిలో పిల్లలతో ఆడి, చేపల కాసులమ్మ వెనక తిరిగి, నోటి నిండా ఇక్కడి మాటే నింపుకుంది. కాసులమ్మ అప్పట్లో భీమిలి బస్సు దిగితే వీధి చివరినుంచే "సేపలో" అని కేక వినపడేది, ఆ కేకకి పిల్లులు ముందు పరిగెత్తేవి. ఇప్పుడు కాసులమ్మ తక్కెడ పళ్లేన్ని కత్తి మడమతో కొడుతుంది. టంగు టంగు మంటే చేపలు. పాలామె చెంబు మీద గాజుతో కొడుతుంది. ఆకుకూరల ముసలమ్మ అసిరమ్మ కర్రతో మెట్టు మీద రెండు దెబ్బలు. బేరం కొంగు కింద వేళ్లు పట్టుకుని చేస్తాం, వేలు వంచితే తగ్గించమని, నొక్కితే కుదరదని. మనుషుల గొంతులు ఎలా ఉంటాయో మరిచిపోయాను, చప్పుళ్లే మనుషులైపోయారు. ఎవరైనా చచ్చిపోతే ఒక చప్పుడు తగ్గుతుంది. కళ్లు మూసుకుని పడుకుంటే ఊరంతా గిన్నెలూ కర్రలూ గాజులే బతుకుతున్నట్టుంటుంది, వాటి వెనక ఎవరూ లేనట్టుంటుంది. ఇంత నిశ్శబ్దంలో నా ధన ఒక్కతే వీధిలో గట్టిగా మాట్లాడేది, పిల్ల కాబట్టి. మా ఇంటి కబుర్లన్నీ అదే మోసేది, మా అమ్మ రెండు కొబ్బరికాయలు అడగమంది పిన్నీ అని అరుస్తూ. నిన్నటివరకు నా నోరు అదే. ఈ రోజు మధ్యాహ్నం నుంచి మూగదాన్నయ్యాను, ఇద్దరం అయ్యాం.

ముద్ద తీసి దాని నోట్లో పెట్టాను. నమిలింది. నవ్వబోయి ఆపుకుంది. దాని ఊపిరి కూడా నువ్వుల వాసనే.

అప్పుడు వినపడింది. ధుమ్. గోడ అవతల, వరహాలమ్మ పెరట్లో. మళ్లీ ధుమ్. రోకటి దెబ్బ, చీర చుట్టని రోకలి, నిర్మొహమాటంగా రాతి మీద పడుతున్నది. ఆమె ఎందుకు దంచుతోంది, ఆమె ఇంట్లో పిల్ల లేదు, పిల్లి కూడా లేదు. నన్ను వెక్కిరిస్తోందా? నాకు తెలిసిందే నీ సంగతి అని గోడకి చెబుతోందా? కందకు లేని దురద కత్తిపీటకెందుకని అనుకుంటుండగానే గోడ మీదుగా వాసన వచ్చింది. వేయించిన నువ్వులు. బెల్లం. నా ఇంటి వాసనే ఆ ఇంట్లోంచి నా దగ్గరికి తిరిగి వస్తోంది. తలుపు సందులోంచి చూశాను. వీధిలో ఎవరూ లేరు, కొండ మీద మంట ఎర్రబడుతోంది, ఇళ్ల గోడలన్నీ ఆ ఎరుపులో తడిసినట్టున్నాయి. ధుమ్, ధుమ్. ఎదురింటి అసిరమ్మ కిటికీ మూసుకుంది. ఇంకేం, ముసలిది భయపడింది, అందరూ తలుపులు వేసుకుంటారు, వ్యాను వచ్చినప్పుడల్లా చేసే పని అదే కదా అనుకున్నాను. కిటికీ మూసుకున్న ఇంట్లోంచి కాసేపటికి ఇంకో చప్పుడు మొదలైంది. మెత్తగా, ముసలి చేతుల దెబ్బ, మధ్యమధ్య ఆగుతూ. అసిరమ్మకి జీవితంలో పిల్లల్లేరు. తర్వాత మూలింట్లో. తర్వాత కొళాయి పక్కింట్లో, ఇద్దరు కలిసి వేసే జంట రోకళ్ల చప్పుడు. ప్రతి ఇంట్లోనూ తద్దినం నువ్వులున్నాయన్నమాట, ప్రతి ఇంట్లోనూ అటక మీద, నాలాగే. ఒక్క మొహం కనపడదు. ఒక్క మాట వినపడదు. నేల కింద ఏదో పెద్ద గుండె కొట్టుకుంటున్నట్టు వీధి మొత్తం కొట్టుకుంటోంది, అరికాళ్ల కింద తెలుస్తోంది, షెల్ఫులో గ్లాసులు గలగలమంటున్నాయి. ధన వచ్చి నా కొంగు పట్టుకుంది. భయం వేసింది నాకు. సంతోషం రావాలి కదా, రాలేదు. ఇన్నాళ్లు వీళ్లంతా బతికే ఉన్నారా?

దీపగంట మోగింది. రోకళ్లు ఆగలేదు. గంట మోగితే చేతిలో పని వదిలి కొండ వైపు తిరిగి దండం పెట్టాలి, ఎవరూ పెట్టలేదు. నేను తలుపు సందు వదల్లేదు. వరహాలమ్మ తలుపు తెరుచుకుంది. బయటికి వచ్చింది. ఒక చేతిలో గిన్నె. ఇంకో చేతిలో దీపం. వంగి ఆ దీపాన్ని తన మెట్టు మీద పెట్టింది.

అయిపోయింది. అంతా అయిపోయింది. ఎంత పిచ్చిదాన్ని, రోకటి చప్పుడుకి మురిసిపోయాను. ఆమె తల్లి కదా, ఆమెకి దర్శనం కావాలి కదా, ఈ దంచడమంతా కూతురి కోసం పట్టుకెళ్లడానికి కదా, చిమ్మిలి ముద్దలు గిన్నెలో పెట్టుకుని కొండెక్కుతుంది, నా పిల్లని ఇచ్చి తన పిల్లని చూసుకుంటుంది. ధనని నా వెనక్కి లాగాను. ఎక్కడికి లాగుతాను, వెనక గోడే ఉంది. దాన్ని రోలు పక్కన కూర్చోబెట్టి గోనెసంచి కప్పాను, పిచ్చిపని, తీసేశాను, మళ్లీ కప్పాను. వ్యాను ఇంజను వీధి మొదట్లో వినపడింది. మెల్లగా వస్తుంది, ఎప్పుడూ మెల్లగానే వస్తుంది. వాసనకి ఆగుతూ ఆగుతూ వచ్చింది, ప్రతి ఇంటి ముందు ఆగింది, ఏ ఇంటి ముందు ఆగాలో తెలియక కదిలింది. బూడిద చీరల కావలమ్మలిద్దరు వెనక కూర్చుని ముక్కులు అటూ ఇటూ తిప్పుతున్నారు. చివరికి దీపం దగ్గర ఆగింది. ముందు సీట్లోంచి పీఠం మనిషి దిగాడు.

"ఏ ఇల్లు?"

వరహాలమ్మ చెయ్యి చాపుతుంది ఇప్పుడు. నా తలుపు వైపు. ఆమె మెట్టు దిగింది. నడివీధిలో, తలమీద ముసుగు తీసేసి నిలబడింది. నోరు తెరిచింది.

"ఈ ఇల్లే. మా ఇల్లే."

గొంతు. ఆడగొంతు, ఆరుబయట. బొంగురుగా, తుప్పు పట్టిన గొళ్లెం తీసినట్టు. ఏళ్ల తరబడి నా పక్కింట్లో ఉన్న మనిషి గొంతు నేను అప్పుడే మొదటిసారి విన్నాను. పీఠం మనిషి వెనక్కి అడుగేశాడు, నిప్పు మీద పడ్డట్టు. కావలమ్మలు చెవులు మూసుకున్నారు.

"పిల్ల ఎవరు?" అన్నాడు వాడు, ఆమె వైపు చూడకుండా.

"శ్రీసత్య. మా శ్రీసత్య. ఆరోజు నోట్లో ముద్దయినా పెట్టనివ్వనేదు మీరు, సెయ్యట్టుకుని ఈడ్సుకుపోనారు. ఇయ్యాల దంచినాను దానికి. ఈదంతా దానికే దంచుతన్నాది, ఇనపడతన్నాదా? నన్నూ కొండ మీదికి తీసుకుపోండి. దాని దగ్గరికి నానే పోతాను, దర్శనమక్కర్నేదు, ఎవర్నీ సూపించను. నా పిల్లకి నాను పెట్టుకోవాల."

రోకళ్లు ఇంకా గట్టిగా పడ్డాయి. పీఠం మనిషి వీధి రెండు వైపులా చూశాడు, మూసిన తలుపులు, కిటికీలు, చప్పుడు. ఎవరూ కనపడరు. ఏ తలుపు తట్టాలి? అన్ని ఇళ్లలోనూ ఒకటే వాసన. వాడి మొహంలో భయం చూశాను నేను. నా జీవితంలో ఇంకేం చూడకపోయినా ఫర్వాలేదు, అది చూశాను. వరహాలమ్మని రెక్క పట్టుకోబోయాడు. ఆమె వాడి చెయ్యి తోసేసి తనే వ్యాను ఎక్కింది, గిన్నె ఒళ్లో పెట్టుకుని, బస్సులో కూర్చున్నట్టు కూర్చుంది. కావలమ్మల్లో చిన్నది గిన్నె వైపు చూసింది. ఆ పిల్ల కన్నీళ్లు పెట్టుకుందని నాకనిపించింది. మంట వెలుగులో నిజమో కాదో చెప్పలేను. వ్యాను తిరిగి వెళ్లిపోయింది. వరహాలమ్మ నా ఇంటి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మా ఆయన వచ్చేసరికి వీధి సద్దుమణిగింది. సైకిలు గోడకి చేరేసి, నువ్వుల వాసనకి లోపలికి పరిగెత్తి ముందు ధనని చూసుకున్నాడు. ఏం చెప్పను ఆయనకి, ఎక్కడ మొదలుపెట్టను? పెరట్లోకి వెళ్లాను, మొహం కడుక్కుందామని. రెండిళ్ల మధ్య పిట్టగోడ మీద ఏదో మడిచి పెట్టి ఉంది. ఆకుపచ్చ పువ్వుల గౌను. ఇది శుక్రవారం కాదు. విప్పి చూశాను. కింద అంచు మడత విప్పి, రెండంగుళాలు కిందికి దించి, మళ్లీ కుట్టింది. భుజాల దగ్గర వదులు చేసింది. కొత్త దారం, చివర సూది ఇంకా వేలాడుతోంది, తీయడానికి సమయం చాలలేదు. జల్లెడ గడప మీద పెట్టి వెళ్లినప్పుడు నా ధన పొడుగు చూసి వెళ్లింది ఆవిడ. నేను వాసన చూసి వెళ్లిందనుకున్నాను.

అక్కడే కూలబడి ఏడ్చాను. చప్పుడు లేకుండా ఏడవడం నాకు బాగా వచ్చు, అయినా ఈసారి చప్పుడు వచ్చింది.

ధనకి తొడిగి చూశాం. రెండు జడలు వేస్తే, చేతికి రబ్బరు గాజులు వేస్తే, ఇంకా పిల్లే. గౌను పట్టుకుని తిప్పి చూసుకుంది, పాత సబ్బు వాసన వేస్తోందంది.

"ఏటమ్మా ఇది? ఎవరిది?"

ఏమిటి అని దిద్దలేదు నేను. దాని జుట్టు చెవి వెనక్కి సర్దాను. "శ్రీసత్యది," అన్నాను. "రేపు తుని దాటాక కిటికీలోంచి తల బయటికి పెట్టి ఆ పేరు గట్టిగా అరువు. నీ గొంతు ఎంత ఉంటే అంత. మీ నాన్న వద్దంటాడు, వినకు."